సబ్సిడీ మేడమ్

నెత్తళ్ళ ఇగురు వాసనకి కూడా అప్పలసూరి కుర్చీలోంచి లేవలేదంటే, వ్యవహారం బాగా ముదిరిందన్నమాటే.

రాత్రి అన్నం వద్దన్నాడు. పొద్దున ఉప్మా వద్దన్నాడు. ఆదివారమైనా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భిలాయిలోని రిసాలి పేటలో తమ ఇంటి వరండాలో రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. అక్కడి స్టీల్ ప్లాంటులో పట్టాలు చేసే రైలు మిల్లులో ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో యూనియన్ తరఫున ఎన్ని ధర్నాలు చేయించాడో గానీ, సొంత ఇంట్లో నిరాహారదీక్షకి కూర్చోవడం ఇదే మొదటిసారి.

వంటింట్లోంచి అతని భార్య జోగమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

“ఏటయ్యా, కోపం సత్యమూర్తి మీదైతే ఆడి ఇంటికెళ్ళి సూపించు. నా వంట మీద సూపిస్తావేటి? నెత్తళ్ళు ఏరి, కడిగి, ఏపి... ఓపికెక్కువై సేసినాననుకున్నావా?”

అప్పలసూరి కుర్చీ ఇంకాస్త రోడ్డు వైపు జరుపుకున్నాడు.

“పలకడు మహానుభావుడు. తినకపోతే మానీ. కుక్కకెట్టీస్తాను.”

కుక్కకి పెట్టదని అందరికీ తెలుసు. ఆ గిన్నె మీద మూత పెట్టి, చల్లారకుండా పొయ్యి పక్కనే ఉంచింది.

వనజాక్షి మజ్జిగ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై ఏళ్ళలో మామగారి కోపం చాలాసార్లు చూసింది. కోపమైతే కేకలేస్తాడు, ఓ గంటలో చల్లారిపోతాడు. ఇది కోపం కాదు. నలుగురిలో పరువు పోయిన మనిషి మౌనం.

ఆ పరువు పోవడానికి కారణం తనే కావడం ఆమెకి మింగుడు పడటం లేదు. ఎందుకంటే తను చేసిన పనికి ఆమె సిగ్గుపడటం లేదు. ఇసుమంతైనా లేదు.

నిన్న సాయంత్రం ఖుర్సీపార్ తెలుగు సంఘం హాల్లో మీటింగు. కార్యక్రమంలో లేకపోయినా అప్పలసూరి మైకు లాక్కున్నాడు. మైకు దగ్గర అతన్ని ఆపగలిగినవాడు భిలాయిలో ఇంకా పుట్టలేదు.

“మా కోడలు వనజాక్షి, ఇదిగో ఇక్కడే ఖుర్సీపార్ స్కూల్లో ఇంగ్లీషు సెప్తాది. ప్రపంచ ఇంగ్లీషు టీచర్ల సంఘంలో మెంబరైనాది. వచ్చే నెల ఆళ్ళ మహాసభలో అరగంట మాటాడతాది. ఇంగ్లీషు ఎలగ సెప్పాలో ఇంగ్లండోళ్ళకి మన ఖుర్సీపార్ నుంచి సెప్తాది!”

హాలంతా చప్పట్లు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న వనజాక్షికి చెవులు వేడెక్కాయి. సిగ్గు సగం, గర్వం సగం.

అప్పుడు లేచాడు సత్యమూర్తి. ప్లాంటు అకౌంట్సులో చేసి రిటైరైన మనిషి. అప్పలసూరి ఎడమంటే తను పెడమనడం ఆయనకి పాతికేళ్ళ అలవాటు. చేతిలో ఫోను, ఫోనులో ఆ సంఘం వివరాలు.

“సూరిబాబూ, ఇందులో ఏం రాసుందో తెలుసా? ఆదాయం తక్కువున్న దేశాల టీచర్లకి ఇది రాయితీ మెంబర్‌షిప్పంట. మన బియ్యం కార్డులాటిదే కదా. అయితే మన పిల్ల సబ్సిడీ మేడమ్ అన్నమాట!”

వెనకనుంచి ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వు హాలంతా అంటుకుంది. అప్పలసూరి చేతిలో మైకు మెల్లగా కిందికి దిగింది. ఇంటికి వచ్చేటప్పుడు కోడలి స్కూటీ వెనక కూర్చుని, దారి పొడుగునా తల ఎత్తలేదు.

వనజాక్షి ఇంక ఊరుకోలేక వరండాలోకి వచ్చి మజ్జిగ గ్లాసు స్టూలు మీద పెట్టింది.

“మావయ్యా, ఇదైనా తాగండి.”

“వొద్దమ్మా.”

“భోజనాలయ్యాక నాకు ఆ సంఘం వాళ్ళతో ఆన్‌లైన్‌లో రిహార్సలుంది. మీరిలా కూర్చుంటే నాకు నోరెలా వస్తుంది?”

అతను రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

“అది రాయితీ అని నీకు ముందే తెలుసా?”

“తెలుసు. నేనే అడిగి తీసుకున్నాను. మా స్కూలుకి కట్టే స్తోమత లేదు, నా జీతానికి అది బరువు అని నేనే రాసి పంపేను.”

“మరి మాకు సెప్పలేదేటి?”

“మీరు చెప్పనిచ్చేరా? మెంబరైనాననగానే మిఠాయి దుకాణానికి పరిగెత్తేరు.”

అది నిజమే. అతను కుర్చీలో ఆమె వైపు తిరిగాడు.

“యూనియన్లో నాను ముప్పై ఏళ్ళు చందా కట్టినాను. ఒక్క నెల ఎగ్గొట్టలేదు. ఎందుకో తెలుసా? చందా కట్టినోడే మీటింగులో లేచి, నాయకుడి మొహమ్మీద ‘ఇది తప్పు’ అనగలడు. ఊరికే వచ్చినోడు చప్పట్లు కొట్టడానికే పనికొస్తాడు.”

“నేను చప్పట్లు కొట్టడానికి వెళ్ళడం లేదు కదా. మాట్లాడ్డానికి వెళ్తున్నాను.”

“ఎవరి దయతోటి?”

వనజాక్షికి చర్రున కోపం వచ్చింది. కోడలిగా అణచుకోవాల్సిన కోపాలు చాలా అణచుకుంది గానీ, టీచరుగా అణచుకోవడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు.

“దయ కాదు మావయ్యా. ఎన్నో దేశాల నుంచి టీచర్లు తాము చేస్తున్న పని గురించి రాసి పంపేరు. అందులో మన దేశం నుంచి నన్ను ఎంచుకున్నారు. నా పని చూసి పిలిచేరు. నా జీతం తక్కువని చందా తగ్గించేరు. ఈ రెండూ వేరు వేరు.”

“సత్యమూర్తికి ఆ రెండూ ఒకటే.”

“సత్యమూర్తి గారి కోసం నేను ఇంగ్లీషు చెప్తున్నానా?”

జోగమ్మ గరిటె పట్టుకునే వరండాలోకి వచ్చింది.

“నాకొకటి సెప్పయ్యా. ప్లాంటు కేంటీన్లో పావలాకి ఫలహారం తిన్నావు. సెక్టర్లో క్వార్టరుకి అద్దె అన్న పేరే గానీ ఏటి కట్టినావు? నా పురుళ్ళు రెండూ ప్లాంటు ఆస్పత్రిలోనే, పైసా లేకుండా. అప్పుడు పోని పరువు ఇప్పుడెలగ పోనాది?”

“అది మా సెమటకిచ్చినారే.”

“ఇదీ నా చెమటకే ఇచ్చేరు మావయ్యా,” అంది వనజాక్షి.

సరిగ్గా అప్పుడే వనజాక్షి భర్త సింహాద్రి హెల్మెట్టు చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. తండ్రి మొహం చూశాడు, తల్లి చేతిలో గరిటె చూశాడు, పెళ్ళాం కళ్ళు చూశాడు.

“నాకు బి షిఫ్టు, మధ్యాహ్నం డ్యూటీ,” అన్నాడు ఎవరికో చెబుతున్నట్టుగా. బైకు స్టార్టయింది. ఇంట్లో గొడవ జరిగిన ప్రతిసారీ సింహాద్రిది బి షిఫ్టే ఎలా అవుతుందో ఆ భగవంతుడికే తెలియాలి.

అప్పలసూరి అప్పుడు మెల్లగా అన్నాడు.

“నువ్వు గొప్పదానివి కాదని నానన్లేదమ్మా. గొప్పదానివే. అందుకే నాకు మంట. నీ పేరు పక్కన ఆ రాయితీ అన్న మాట ఉండకూడదు. అంతే.”

రైల్వేవాళ్ళు ముసలివాళ్ళకి టికెట్టులో తగ్గింపు ఇచ్చే రోజుల్లో కూడా, కౌంటరు దగ్గర పోట్లాడి మరీ ఫుల్ టికెట్టు కొన్న మనిషి అతను. ఇంకేం చెప్పాలో తోచక వనజాక్షి లోపలికి వచ్చేసింది. ప్రసంగం కాగితాలు ముందేసుకుంది గానీ అక్షరాలు కంటికి ఆనడం లేదు.

పక్క గదిలో తాతా మనవరాలూ ఏదో గుసగుసలాడుకుంటున్నారు. వనజాక్షి కూతురు చాందినికి తాతంటే ప్రాణం. కాలేజీలో చదువుతోంది గానీ, తాత పిలిస్తే పరీక్షైనా వాయిదా వేసే రకం.

“తాతా, ఓటీపీ ఆ గయా. నంబర్ చెప్పు.”

కరెంటు బిల్లు కాబోలు అనుకుంది వనజాక్షి.

కాసేపటికి వంటింట్లో పీట వాల్చిన చప్పుడైంది. అప్పలసూరి కంచం ముందు కూర్చున్నాడు. అడిగి మరీ నెత్తళ్ళ ఇగురు రెండోసారి వేయించుకున్నాడు. జోగమ్మ విసుక్కుంటూనే వడ్డించింది గానీ ఆమె మొహం వెలిగిపోయింది. తన మాటలే పని చేశాయని ఆమె అనుకుంది. తనవే పని చేశాయని వనజాక్షి అనుకుంది.

రెండూ కావని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

భోజనాలయ్యాక చాందిని లాప్‌టాప్‌ని జోగమ్మ కుట్టుమిషను మీద ఎత్తుగా పెట్టింది. వనజాక్షి చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. తెర మీద హెలెన్ కనిపించింది. నెరిసిన జుట్టు, చేతిలో టీ కప్పు, వెనక కిటికీ మీద వాన. ఆ సంఘం కార్యదర్శి. ఆవిడా టీచరే. జీతం లేకుండా సెలవు రోజుల్లో సంఘం పని చేస్తుంది. రెండేళ్ళుగా వనజాక్షి రాసిన ప్రతి వ్యాసమూ చదివి, బాగున్నది బాగుందని, బాగాలేనిది బాగాలేదని చెప్పిన మనిషి.

ఇక్కడినుంచి వాళ్ళ మాటలన్నీ ఇంగ్లీషులోనే. మనం తెలుగులో చెప్పుకుందాం.

“ముందుగా అభినందనలు వనజాక్షి గారూ,” అంది హెలెన్. “ఈ పొద్దుట మీరు పూర్తి సభ్యురాలిగా మారినట్టు చూశాను.”

వనజాక్షికి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో అప్పలసూరి నిలబడి ఉన్నాడు. ఛాతీ ముందుకొచ్చింది, మీసం కింద నవ్వు ఆగడం లేదు. పక్కన చాందిని తల్లి మొహం చూసి, తల దించుకుంది.

“సంతోషించే విషయమే,” హెలెన్ మాట నెమ్మదించింది. “కానీ నాకు కొంచెం బాధగానూ ఉంది. మహాసభలో మీకిచ్చిన అరగంట రాయితీ సభ్యులకే కేటాయించినది. మీరు ఆ విభాగంలోంచి బయటికి వచ్చారు కాబట్టి అది తర్వాతి వరసలో ఉన్న టీచరుకి వెళ్ళాలి. ఆఫ్రికాలోని మలావీలో ఒకావిడ. ఆవిడకింకా చెప్పలేదు. ముందు మీతో మాట్లాడదామని ఆగాను.”

“ఒక్క నిమిషం,” అంది వనజాక్షి. గొంతు వినపడకుండా మీట నొక్కి, కుర్చీ వెనక్కి తిప్పింది.

“మావయ్యా, ఏం చేసేరు?”

“రాయితీ తీయించీసినాను!” అన్నాడతను, బహుమతి దాచి ఇప్పుడు చూపిస్తున్నట్టు. “పూర్తి చందా కట్టీసినాను. ఇంక ఆ సత్యమూర్తి నోరెత్తితే...”

“మమ్మీ, నీ లాగిన్ నాకు తెలుసు కదా. తాతే సర్‌ప్రైజ్ ఇద్దామన్నారు,” చాందిని గొంతు సన్నగా వచ్చింది. “ముఝే లగా నువ్వు ఖుష్ అవుతావని...”

“ఆ అరగంట రాయితీ వాళ్ళకే ఇస్తారు. నేనిప్పుడు రాయితీలో లేను. అరగంటా లేదు.”

అప్పలసూరి మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. పోవడానికి కొంచెంసేపు పట్టింది. అది పోయాక అతను గోడకి చెయ్యి ఆనించుకున్నాడు.

“పూర్తిగా కట్టినోడికి తక్కువిస్తారేటమ్మా? ఇదెక్కడి లెక్క?”

వనజాక్షి అరవలేదు. అరిస్తే బాగుండేది. తరగతిలో అల్లరి మితిమీరినప్పుడు మాట్లాడినట్టు, మెల్లగా, ఒక్కో మాటా ఒత్తి పలికింది.

“ఆ అరగంటలో నేనేం చెప్పబోయేనో మీకు తెలుసా? మీ సంగతే.”

“నా సంగతేటి?”

“నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మీరు రోజూ డ్యూటీ దిగి వచ్చి, అన్నం తింటూ ఒకటే గొడవ. తర్వాతి షిఫ్టుకి వచ్చే రిలీవరు ఛార్జి సరిగ్గా తీసుకోలేదని. ఏం పనయింది, ఏం మిగిలింది, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఈ మూడూ చెప్పకుండా, అవతలివాడు ‘తీసుకున్నాను’ అనకుండా మిల్లు వదలకూడదని. వడ్డిస్తూ వినేదాన్ని.”

అప్పలసూరి కళ్ళు చిట్లించి వింటున్నాడు.

“నా క్లాసులో అరవై మంది. ఇంట్లో కొందరిది తెలుగు, కొందరిది హిందీ, కొందరిది ఛత్తీస్‌గఢీ. అందరిచేతా రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడించాలంటే పీరియడు చాలదు. అందుకని వాళ్ళని మూడు షిఫ్టులు చేసేను. ఒక షిఫ్టు చదువుతుంది, ఒకటి రాస్తుంది, ఒకటి బొమ్మలు చూసి కథ అల్లుతుంది. షిఫ్టు మారినప్పుడు ప్రతి ఒక్కరూ తన తర్వాతివాళ్ళకి ఇంగ్లీషులో ఛార్జి ఇవ్వాలి. ఏమయింది, ఏం మిగిలింది, ఎక్కడ జాగ్రత్త. అవతలివాళ్ళు ‘ఛార్జ్ టేకెన్’ అనేదాకా కదలడానికి లేదు. తప్పులే మాట్లాడతారు. కానీ అరవై మందీ మాట్లాడతారు, రోజూ. వాళ్ళ ఇళ్ళల్లో సగం ప్లాంటు ఇళ్ళే. ఇదెందుకు మేడమ్ అని ఒక్కరూ అడగలేదు.”

“అది... నా దగ్గర నేర్సినావా?”

“అరగంటలో మొదటి మాట అదే. ‘ఈ పద్ధతి నేను మా మామగారి దగ్గర నేర్చుకున్నాను’ అని.”

జోగమ్మ చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. చాందిని ఏడుపు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. అప్పలసూరి మాత్రం చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు.

“లెగమ్మా,” అన్నాడు. “ఆ కుర్సీ నాకియ్యి.”

“ఎందుకు మావయ్యా?”

“లెగమన్నాను.”

ఆమె లేచింది. అతను లాప్‌టాప్ ముందు కూర్చుని, మేనేజరు ముందు కూర్చున్నట్టు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చాందినికి సైగ చేశాడు. ఆమె మీట నొక్కింది.

“గుడ్ ఆఫ్టర్నూన్ మేడమ్. మై నేమ్ అప్పలసూరి. రైల్ మిల్, ఫోర్‌మన్, రిటైర్డ్. ఫుల్ పేమెంట్ ఐ డన్. డాటర్ ఇన్ లా నాట్ నోయింగ్. మిస్టేక్ మై సైడ్, మేడమ్. హర్ సైడ్ నో మిస్టేక్.” తెర వైపు కాస్త వంగాడు. “ప్లీజ్. గివ్ కన్సెషన్ బేక్.”

ఆ మనిషి నోట ‘ప్లీజ్’ అన్న మాట వనజాక్షి ఎన్నడూ వినలేదు. డాక్టరు దగ్గర వినలేదు, బ్యాంకులో వినలేదు. ఉద్యోగం ఇప్పించమని ఎవరినైనా అడగమంటే, కొడుకు కోసం కూడా అడగని మనిషి. ఇప్పుడు తన కోసం, తనకి నచ్చని ఆ రాయితీనే తిరిగి ఇమ్మని అడుగుతున్నాడు. ఆమె గుండె నిండిపోయింది. ఈయన ఇంటి కోడల్ని నేను అనుకుంది, అంతకన్నా ఏం అనుకోవాలో తెలియలేదు.

హెలెన్ టీ కప్పు కింద పెట్టి, ఆ పెద్దాయన వైపు కాసేపు గౌరవంగా చూసింది.

“ధన్యవాదాలు సర్. సరిచేయవచ్చు. వనజాక్షి గారు సరేనంటే ఇప్పుడే పాత విభాగానికి మార్చేస్తాను. అరగంట ఆవిడదే.”

“హో గయా!” అని చాందిని చప్పట్లు కొట్టింది. జోగమ్మకి సంగతి తెలియకపోయినా తనూ కొట్టింది. అప్పలసూరి నిట్టూర్చి కుర్చీ ఖాళీ చేశాడు.

వనజాక్షి కూర్చుని సరే అనబోయింది.

“ఒక్క మాట,” అంది హెలెన్. “చెప్పడం నా బాధ్యత. ఈ ఏడాది మా కార్యవర్గంలో ఒక స్థానానికి ఎన్నిక ఉంది. పేర్లు ఇవ్వడానికి ఈరోజే ఆఖరు. ఓటు వేయాలన్నా, పోటీకి నిలబడాలన్నా పూర్తి సభ్యత్వం ఉండాలి. పొద్దుటినుంచి మీకు ఆ హక్కు ఉంది. వెనక్కి వెళితే పోతుంది. తెలిసే వెళ్ళాలి కదా, అందుకని చెప్పాను.”

వనజాక్షి సరే అనడం మరచిపోయింది.

“రాయితీ సభ్యులకి ఓటు లేదా?”

“లేదు.”

“మేం ఎంతమంది ఉంటాం?”

“సంఘంలో సగానికి పైగా మీరే.”

“మరి ఓటెందుకు లేదు?”

హెలెన్ అబద్ధం ఆడే మనిషి కాదు. కాస్త ఇబ్బంది పడింది గానీ చూపు తప్పించలేదు.

“రూలు రాసిన రోజుల్లో మీరు కొద్దిమందే. తర్వాత ఎవరూ అడగలేదు.”

వనజాక్షికి పొద్దున వరండాలో మామగారి ముందు తను పలికిన గట్టి మాటలన్నీ చెవుల్లో మోగాయి. రాయితీ సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఇప్పటికీ కాదు. కానీ సగానికి పైగా ఉన్న మనుషులని పిలిచి, కూర్చోబెట్టి, మాట్లాడించి, నిర్ణయాల దగ్గర మాత్రం బయట ఉంచడం ఏమిటి? చప్పట్లు కొట్టడానికే అని మామగారన్నప్పుడు తను కస్సుమంది. ఈయన ఆ సంఘం రూలు చదవలేదు. చదవకుండానే ఎక్కడ నొప్పో అక్కడే వేలు పెట్టాడు.

“ఏటంటాదమ్మా?” అప్పలసూరి ఆత్రంగా అడిగాడు.

ఆమె తెలుగులో చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఎన్నిక అన్న మాట వినగానే ముసలాయన నడుం నిటారైంది. పాత యూనియన్ మనిషి. కానీ వెంటనే తనని తాను అదుపు చేసుకున్నాడు. ఒకసారి అడగకుండా చేసిన పనికి వచ్చిన ఫలితం ఇంకా పచ్చిగానే ఉంది మరి.

“నీ ఇష్టమమ్మా. నానేటీ సెప్పను. అరగంటే కావాలంటే సెప్పు, మళ్ళీ ప్లీజ్ అంటాను.”

ఆ అరగంట కోసం వనజాక్షి నెలల తరబడి తయారైంది. అద్దం ముందు మాట్లాడుకుంది, స్కూటీ మీద మాట్లాడుకుంది. తన పిల్లల పేర్లు అంత పెద్ద సభలో పలకాలని కలలు కంది. దాన్ని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు. ఆ నొప్పిని ఆమె దాచుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరగనిచ్చింది.

తర్వాత తెర వైపు తిరిగింది.

“ఆ అరగంట మలావీ టీచరుకే ఇవ్వండి మేడమ్. నా నోట్సు కావాలంటే పంపిస్తాను. నేను పూర్తి సభ్యురాలిగానే ఉంటాను. ఎన్నికకి నా పేరు రాసుకోండి. గెలిస్తే మొదట అడిగేది ఆ ఓటే.”

హెలెన్ పక్కనున్న కాగితం ముందుకు లాక్కుని చూసింది. వాన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

“ఆ స్థానానికి ఇప్పటిదాకా ఒక్క పేరే వచ్చింది,” అంది చివరికి. “అది నాది.”

వనజాక్షి మామగారి వైపు తిరిగింది.

“ఏటమ్మా, ఏటంటాది?”

“నా సభ్యత్వం సగం చందాకి వచ్చిందంటే ఈవిడ చలవే మావయ్యా. మాలాంటి టీచర్ల కోసం దేశాలన్నీ అడిగి ఆ నిధి పోగుచేసింది ఈవిడే. పోటీ కూడా ఈవిడతోనే.”

అప్పలసూరి తెర దగ్గరికి వచ్చి వంగి, హెలెన్‌కి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. తర్వాత కోడలి కుర్చీ వెనకే నిలబడ్డాడు. పక్కకి తప్పుకోలేదు.

“మేడమ్,” అంది వనజాక్షి. ఆమె ఇంగ్లీషు ఎప్పుడూ అంత తేటగా లేదు. “మీరు చేసిన మేలు నేను చచ్చేదాకా మర్చిపోను. మిమ్మల్ని ఓడించాలని నాకు లేదు. కానీ మాకు ఓటు కావాలని అడగడానికి ఎవరో ఒకరు నిలబడాలి. మీరు తప్పుగా అనుకోరనే నా నమ్మకం.”

“తప్పుగా అనుకోవడం లేదు.” హెలెన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ మొహంలో కోపం ఉందో, మెచ్చుకోలు ఉందో, దిగులుందో పోల్చుకోవడం కష్టంగా ఉంది. “టీచరుగా ఒక్క ప్రశ్న అడుగుతాను. మీరు ఎవరి కోసం నిలబడుతున్నారో, వాళ్ళలో ఒక్కరికీ ఓటు లేదు. ఓటున్న వాళ్ళందరూ నాకు స్నేహితులు. అది ఆలోచించారా?”

వనజాక్షి అది ఆలోచించలేదు.

ఆలోచించలేదని ఆమె మొహమే చెప్పేసింది. అయినా తల దించలేదు.

“రాసుకోండి మేడమ్,” అంది.